రాజగామి

పొద్దున్న కాఫీ కూడా తాగలేదు, తెనాలి నుంచి మా మేనత్త ఫోన్. "ఒరేయ్, పిల్లల్లేని వాళ్ళు పోతే ఇల్లు గవర్నమెంటుకి పోతుందటరా? పక్కింటావిడ చెప్పింది. రాత్రంతా నిద్ర లేదు నాకు." మావయ్య పోయి ఆరేళ్ళయింది. ఆయన వదిలి వెళ్ళిన రెండు గదుల ఇల్లే ఆవిడ లోకం. ఆ గొంతులో టెన్షన్ విన్నాక ఇంకే పనీ తోచలేదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం తీసి చూశాను. 29వ సెక్షన్ మీద శీర్షికగా ఒక్కటే మాట: ఎస్చీట్. వీలునామా రాయకుండా పోయిన మనిషికి చట్టం చెప్పే వారసులు ఒక్కరూ లేకపోతేనే ఆస్తి ప్రభుత్వానికి చేరుతుంది. ఆ ఆస్తి మీదున్న అప్పులూ బాధ్యతలూ కూడా దాంతోపాటే వెళ్తాయి. అత్తకి ఆ భయమే లేదు. పిల్లల్లేని స్త్రీకి భర్త నుంచి వచ్చిన ఆస్తి భర్త వారసులకు వెళ్తుందని 15వ సెక్షన్ చెబుతోంది. మావయ్య తమ్ముడున్నాడు, ఆయన పిల్లలున్నారు. వెంటనే ఫోన్ చేసి చెప్పాను. "అమ్మయ్య" అంది.

ఎస్చీట్ అన్న మాట మాత్రం రోజంతా నన్ను వదల్లేదు. లాటిన్‌లో 'బయటికి పడిపోవడం' అనే అర్థం నుంచి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిందట. ఇంగ్లండులో భూమిని ప్రభువు దగ్గర్నుంచి పొంది అనుభవించేవాళ్ళు. వారసుడు లేకుండా పోతే ఆ భూమి చెట్టు మీది కాయలా తిరిగి ప్రభువు ఒళ్ళో పడేది. రాజుకి రావలసిన అలాంటి భూముల లెక్క చూడడానికి ఎస్చీటర్ అనే అధికారులుండేవారు. మనం రోజూ వాడే 'చీట్' పుట్టింది ఈ మాట నుంచే. ఆ అధికారుల చేతిలో జనం ఎంత నలిగి ఉంటే, వాళ్ళ పని పేరు మోసానికి పేరుగా మారుతుంది! నాకు నిజంగా బాధేసింది.

సాయంత్రం బట్టలు మడతపెడుతుంటే 'శాకుంతలం' ఆరో అంకం గుర్తొచ్చింది. ధనమిత్రుడనే వర్తకుడు ఓడ మునిగి చనిపోతాడు. సంతానం లేదు కాబట్టి అతని సొమ్మంతా 'రాజగామి' అని మంత్రి రాసి పంపుతాడు. రాజుకు చేరేది అని. మన దగ్గర ఎస్చీట్‌కి ఇంతకన్నా సరైన మాట నాకు కనిపించలేదు. దుష్యంతుడు ఆ లేఖ చదివి ఊరుకోడు. అంత ధనవంతుడికి భార్యలు చాలామందే ఉంటారు, వాళ్ళలో గర్భవతి ఎవరైనా ఉందేమో కనుక్కోమంటాడు. ఉంది. అతని భార్య, సాకేతపురం శ్రేష్ఠి కూతురు, ఆమెకు అప్పుడే పుంసవనం, అంటే కడుపుతో ఉన్నప్పుడు చేసే సంస్కారం, జరిగింది. కడుపులో ఉన్న బిడ్డకే తండ్రి సొమ్ము చెందుతుందని రాజు తీర్పు చెబుతాడు. అక్కడితో ఆగడు. ప్రజల్లో ఎవరు ఏ ఆప్తుణ్ణి పోగొట్టుకున్నా, పాపం కాని సంబంధమైతే, ఆ స్థానంలో దుష్యంతుడున్నాడని చాటించమంటాడు. శకుంతలను పోగొట్టుకుని, తనకీ వారసుడు లేడని కుమిలిపోతున్న వేళ ఆ మాట అనగలిగాడు. ఎన్నిసార్లు చదివినా అక్కడ నాకు గొంతు పట్టేస్తుంది.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ వారసుడు లేని సొమ్ము రాజుదే. కానీ భార్య బతుకుతెరువుకీ, పోయినవాడి కర్మకాండలకీ తీసిపెట్టాలి. చట్టం రాసేవాళ్ళు ముందు చూడాల్సింది అదేనని నాకనిపిస్తుంది, వెనక ఎవరు మిగిలారని.

రాత్రి అత్త మళ్ళీ చేసింది. రోజూ అన్నం వండిపెట్టే అమ్మాయికి ఏదైనా ఇవ్వాలని ఉందట, ఎలా అని. వీలునామా రాయాలి, ఇద్దరు సాక్షులు కావాలి, వచ్చే ఆదివారం వస్తానన్నాను. ధనమిత్రుడి కథ కూడా చెప్పాను. అంతా విని, "ఇంతకీ ఆ అమ్మాయి కాన్పు బాగా జరిగిందిట్రా?" అనడిగింది.

నాటకంలో అది లేదత్తా అన్నాను.

"జరిగే ఉంటుందిలే" అని ఫోన్ పెట్టేసింది.