గొంతులకు ముందే మొదలైంది

నాకొచ్చిన మానసిక జబ్బుకు స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టేనాటికి నాకు 21 ఏళ్లు. గొంతులు వినబడ్డ రాత్రే జబ్బు మొదలైందని ఇంట్లో చాలాకాలం అనుకున్నారు. కాదు, అంతకు ఏడాది ముందునుంచే ఉంది.

చదివిన పేజీనే నాలుగుసార్లు చదివేవాణ్ణి. స్నానం రేపటికి, ఎల్లుండికి వాయిదా పడేది. స్నేహితుల ఫోన్లు ఎత్తబుద్ధయ్యేది కాదు. అందరూ నవ్వుతుంటే నా ముఖం కదిలేది కాదు. దీనికి ఇంట్లో పెట్టిన పేరు బద్ధకం. మొదట చూపించిన డాక్టరుగారు అయిదు నిమిషాలు మాట్లాడి, "ఈ వయసులో మామూలే. ప్రేమా గీమా ఏమన్నా ఉందా?" అని నవ్వి నిద్రమాత్ర రాశారు. ఆ నవ్వు నాకింకా మింగుడుపడలేదు. ఆ దశలో దీన్నీ డిప్రెషన్‌నీ విడదీయడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ ఎవరూ లేనప్పుడు మాటలు వినబడుతున్నాయా, ఎవరైనా నిన్ను గమనిస్తున్నట్టుందా అని అడగడానికి ఎంతసేపు పడుతుంది?

ఆ రాత్రి రెండు దాటింది. ఫ్యాను చప్పుడు వెనక ఇద్దరు మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు. నాతో కాదు, నా గురించి. "లేచాడు." "నీళ్లు తాగుతాడు చూడు." గ్లాసు ఎత్తితే, "ఎత్తాడు." ఫ్యాను ఆపేశాను, గొంతులు ఆగలేదు. నేను మనసులో అనుకున్నది గోడ అవతలికి వినబడిపోతోందని గట్టి నమ్మకం. ఏ ఆలోచనా రాకూడదని తెల్లవార్లూ అంకెలు లెక్కపెట్టాను. అమ్మ తలుపు తీస్తే ఆవిడా వాళ్ల మనిషేననిపించింది.

అన్నయ్య వాదనకు దిగలేదు. "నాకైతే వినబడట్లేదురా. నువ్వు భయపడుతున్నావు, అది తెలుస్తోంది" అన్నాడు. కత్తులూ మందులూ తీసి దాచి, తలుపుకు అడ్డంగా కాకుండా పక్కన కూర్చున్నాడు. పొద్దున్నే సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాడు.

రక్తపరీక్షలూ స్కానూ గబగబా అయిపోయాయి. వాటిలో స్కిజోఫ్రీనియా కనబడదు. థైరాయిడ్ తేడా, బి12 లోపం, గంజాయి, మూర్ఛ, మెదడువాపు లాంటివి కావని చూసుకోవడానికే అవి. అసలు నిర్ధారణ మాటల్లో జరిగింది, గంటన్నర పట్టింది. ఆధారంలేని గట్టి నమ్మకాలు, లేనివి వినబడటమో కనబడటమో, పొంతనలేని మాట, అస్తవ్యస్తమైన ప్రవర్తన, చొరవా భావమూ ఎండిపోవడం: ఈ అయిదింటిలో కనీసం రెండు నెలరోజుల్లో చాలాభాగం ఉండాలి, అందులో ఒకటి మొదటి మూడింటిలోది కావాలి. మొత్తం మార్పు ఆరు నెలలకు తగ్గకూడదు. అందుకే మొదటిరోజు చీటీమీద "మొదటిసారి వచ్చిన సైకోసిస్" (ఏది నిజమో ఏది కాదో తెలియని స్థితి) అని మాత్రమే రాశారు. తర్వాత అమ్మని పిలిచి, ఎప్పుడు మారాడని నెలలవారీగా అడిగారు. బద్ధకమని ఆవిడ తిట్టిన నెలలన్నీ ఆ ఆరింటి లెక్కలోకొచ్చాయి. అమ్మ అక్కడే ఏడ్చింది. నాకు జాలేసింది, కోపమూ వచ్చింది.

హుషారు హద్దుమీరి, నిద్ర లేకున్నా అలసట తెలియని రోజులేమన్నా ఉన్నాయా అని కూడా అడిగారు. గొంతులు అలాంటప్పుడో, బాగా కుంగినప్పుడో మాత్రమే వస్తే జబ్బు వేరు.

రిస్పెరిడోన్ అనే మందు 2 మిల్లీగ్రాములతో మొదలై 4కి వెళ్లింది. మూడోవారానికి గొంతులు పక్కగదిలోకి జరిగినట్టయింది. కాళ్లు మాత్రం నిలవనిచ్చేవి కావు, కూర్చుంటే లేవాలి, లేస్తే తిరగాలి. మందువల్ల వచ్చే దీన్ని జబ్బు ముదరడమనుకుని మోతాదు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. మా సైకియాట్రిస్టు తగ్గించారు, ఆయనకు రుణపడి ఉన్నాను. బరువూ షుగరూ కొలెస్టరాలూ మందు మొదలుపెట్టకముందే చూపించుకోండి, తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది. రెండు రకాల మందులు సరైన మోతాదులో ఆరేసి వారాలు వాడినా లొంగకపోతే క్లోజాపిన్ అనే మందు గురించి మీరే అడగండి. దానితో తెల్లకణాలు పడిపోయే ప్రమాదముంది, మొదట్లో వారంవారం రక్తం చూస్తారు.

నయమైందనుకుని అయిదోనెలలో మాత్రలు మానేశాను. ఏడోనెలలో అదే ఇద్దరు మళ్లీ వచ్చారు. మొదటిసారి వచ్చినవాళ్లు కూడా తగ్గాక కనీసం ఏడాది, రెండేళ్లు వాడాలని అప్పటికే చెప్పారు, నేనే వినలేదు.

దేవుడే కాపాడాడంటుంది అమ్మ. నేను కాదనను. రాత్రి తొమ్మిదికి మాత్ర వేసుకున్నావా అని అడిగేదీ ఆవిడే. నిద్ర వరసగా మూడు రాత్రులు చెడితే మాత్రం ఎవరూ అడగకముందే నేనే డాక్టరుకి ఫోన్ చేస్తాను.