మీటర్ 12 వోల్టులు చూపించినా పంపుకి కరెంటు అందుతోందని కాదు

సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. పెట్రోలు కారు ఇలా మొరాయిస్తే అనుమానం నేరుగా ట్యాంకులోని ఫ్యూయల్ పంపు మీదికి పోతుంది. వెనక సీటు ఎత్తి, పంపు వైర్ల కప్లర్ (తగిలించే ప్లగ్గు) ఊడదీసి, మల్టీమీటర్ పెడతారు. 12 వోల్టులు కనిపిస్తాయి. కరెంటు వస్తోంది కాబట్టి పంపే పోయిందని తేల్చి కొత్తది వేస్తారు. వేలల్లో ఖర్చు. కొన్నాళ్లకే బండి మళ్లీ ఆగుతుంది.

తప్పంతా ఆ కొలతలోనే ఉంది. మల్టీమీటర్ లాగే కరెంటు దాదాపు సున్నా. వైరులో ఒక్క పోగు మిగిలినా, పిన్నుకి చిలుము పట్టినా అది 12 వోల్టులే చూపిస్తుంది. పంపు అలా కాదు, సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది. దారిలో ఎక్కడో అర ఓమ్ రెసిస్టెన్స్ ఉంటే చాలు, రెండున్నర వోల్టులు అక్కడే ఆవిరైపోతాయి. మిగిలిన తొమ్మిదిన్నరతో పంపు తిరుగుతుంది గానీ ప్రెషర్ కట్టలేదు. అందుకే లోడ్ (కరెంటు లాగే బల్బో పంపో) పెట్టకుండా కొలిచిన వోల్టేజిని నేను లెక్కలోకే తీసుకోను.

వరసగా వెళ్దాం. కీ ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా వెనక సీటు దగ్గర చెవి పెట్టండి. చాలా బండ్లలో ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) రెండు మూడు సెకన్లు పంపుని తిప్పి ఆపేస్తుంది. ఆ సన్నటి గుయ్‌మనే శబ్దం వినిపించి, సెల్ఫ్ కొట్టినప్పుడు మాత్రం ఆగిపోతుంటే పంపుని వదిలేయండి. ఇంజిన్ తిరుగుతోందని క్రాంక్ సెన్సర్ చెప్పకపోతే ఈసీయూ రిలేని, అంటే పంపుకి కరెంటు కలిపే స్విచ్చుని, పట్టి ఉంచదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెం కూడా కదలకపోతే ఆ సెన్సర్‌నీ దాని వైరునీ ముందు చూడాలి.

శబ్దమే రాకపోతే ఫ్యూజు దగ్గర మొదలుపెట్టండి. ఎక్కువ కార్లలో ఇది 15 లేదా 20 ఆంపియర్లది. కాలిపోయి ఉంటే పెద్దది వేయొద్దు, అప్పుడు కాలేది వైరు. పంపు కప్లర్ ఊడదీసి, అదే రేటింగ్ ఫ్యూజు వేసి కీ ఆన్ చేయండి. అప్పుడూ కాలితే వైరు ఎక్కడో బాడీకి రాసుకుని షార్ట్ అవుతోంది. కార్పెట్ కింద, ట్యాంకు అంచుల దగ్గర, ఎలుకలు కొరికే చోట్ల వెతకండి. కాలకపోతే పంపే జామ్ అయి ఎక్కువ లాగుతోంది.

ఫ్యూజు బాగుంటే రిలే. టక్ మన్నంత మాత్రాన లోపలి కాంటాక్టు కలిసినట్టు కాదు. నంబరూ పిన్నుల అమరికా సరిపోతే హారన్ రిలేని మార్చి చూడొచ్చు. అంతకంటే నమ్మకమైన పద్ధతి: రిలే పీకేసి, సాకెట్‌లో 30, 87 నంబర్ల గుంతలని (పంపుకి కరెంటు పోయే దారి) 15 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న వైరుతో కలపండి. పంపు తిరిగితే లోపం రిలేలోనో, దాన్ని నడిపే వైపో ఉంది. రిలేని పనిచేయించే కాయిల్‌వి 85, 86; ఆ రెండు గుంతల మధ్య ఎల్‌ఈడీ టెస్ట్ ల్యాంప్ పెట్టి కీ ఆన్ చేస్తే రెండు సెకన్లు వెలగాలి. ఇక్కడ మాత్రం 21 వాట్ల బల్బు వాడొద్దు, ఈసీయూ లోపలి ట్రాన్సిస్టర్ పోయే ప్రమాదం ఉంది.

30, 87 కలిపినా తిరగకపోతే ఇప్పుడు సీటు ఎత్తాలి. కప్లర్‌లో సాధారణంగా నాలుగు వైర్లు: లావుగా ఉన్న రెండూ పంపువి, సన్నవి పెట్రోలు మట్టం చెప్పే ఫ్లోట్‌వి. 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు ఆ లావు వైర్ల మధ్య కట్టండి, అది సుమారు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. పెట్రోలు ఆవిరి ఉండే చోటు కాబట్టి బల్బు ముందే బిగించి, కరెంటు బానెట్ కింద రిలే దగ్గర కలపాలి. ట్యాంకు మూత తెరిచి ఉన్నా, పెట్రోలు వాసన వస్తున్నా ఈ పని వద్దు. బల్బు తెల్లగా వెలిగితే వైరింగ్ బాగున్నట్టు. ఎర్రగా మిణుకుమంటే దొంగ దారిలోనే ఉన్నాడు. లోడ్ అలాగే ఉంచి, బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్ వైరుకి మీటర్ పెట్టండి: అర వోల్టు దాటితే ఫ్యూజు నుంచి ఇక్కడి దాకా ఎక్కడో అతుకు చెడింది. పంపు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కి 0.2 వోల్టు దాటితే ఎర్త్ బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది బిగించండి.

ట్యాక్సీల్లో అయితే జీపీఎస్ ట్రాకర్ని ముందు వెతకాలి. దూరం నుంచి ఇంజిన్ ఆపే ‘ఇంజిన్ కట్’ కోసం డాష్‌బోర్డు కింద పంపు వైరుని కోసి, చిన్న రిలే పెట్టి, మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు చాలా బండ్లలో ఉంటాయి. పంపు కరెంటంతా ఆ అతుకు గుండానే పోవాలి. అదిరి అదిరి వదులవుతుంది, వేడెక్కుతుంది, నల్లబడుతుంది. కట్ సౌకర్యం తప్పనిసరైతే దాన్ని రిలే కాయిల్ వైపు వేయండి. అక్కడ నడిచే కరెంటు 0.2 ఆంపియర్ లోపే. ఎటు వేసినా, బండి కదులుతుండగా అది కట్ చేయకుండా అమర్చాలి. రోడ్డు మీద ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది.

కప్లర్ పిన్నులు గోధుమరంగుకి మారినా, ప్లాస్టిక్ మెత్తబడినా వైరు ముక్కతో సహా మార్చండి. కొత్త పంపుకి పాత కప్లర్ తగిలించడం వల్లే ఆ కొత్త పిన్నులూ కాలతాయి.

ఇవన్నీ దాటాక పంపు మీదికి రండి. వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటర్‌తో చూస్తే 4 నుంచి 7 ఆంపియర్లు మామూలు. వోల్టేజి నిండుగా ఉండి కరెంటు సున్నా అయితే పంపు మోటారు లోపల కరెంటు అందించే బ్రష్షులు అరిగినట్టే. ట్యాంకు కింద రబ్బరు సుత్తితో మెల్లగా తడితే ఓసారి తిరగొచ్చు, ఇంటికి చేరడానికి మాత్రమే పనికొస్తుంది. 9, 10 దాటితే ఫిల్టర్ మూసుకుపోవడమో లోపల బిగుసుకోవడమో. పంపుని చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే కాబట్టి, రిజర్వులో నడపడం అలవాటైన బండ్లలో ఇది త్వరగా వస్తుంది. కొత్తది వేశాక కనీసం పావు ట్యాంకు ఉంచండి.

బీఎస్6 బైకుల్లోనూ పద్ధతి ఇదే, పంపు లాగే కరెంటు మాత్రం తక్కువ. అక్కడ మీటర్ తీసే ముందు కిల్ స్విచ్ చూడండి, బండి పడిపోయి లేపినదైతే కీ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. పడినప్పుడు, బండి వాలడం పసిగట్టే టిల్ట్ సెన్సర్ పంపుని ఆపేస్తుంది.