ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాపురం, ఒక పోస్ట్ డబ్బా

మా పెళ్ళి 2024 ఫిబ్రవరిలో అయింది. రెండు వారాలకే సెలవు అయిపోయి మా ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్ళిపోయారు. నా వీసా చేతికొచ్చేసరికి దసరా వచ్చింది. ఎనిమిది నెలలు వీడియో కాల్‌లోనే ఒకరికొకరం కనిపించాం. అందుకే నా లెక్కలో మా కాపురం మొదలైంది దసరా మర్నాడు, అక్టోబర్ 13న, ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో. రెండు పెద్ద పెట్టెలు, ఒక మిక్సీ, అమ్మ కట్టిచ్చిన కందిపొడి. ఎదురుగా మా ఆయన. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. "తిన్నావా?" అన్నారు. అంతే, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

దిగింది ఆదివారం. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారని విన్నాను గానీ ఇంతలా ఉంటుందని అనుకోలేదు. మా తెనాలిలో బంద్ నాడు కూడా ఎక్కడో ఒక టీ కొట్టు సగం షట్టర్ ఎత్తి ఉంటుంది. ఇక్కడ వీధి వీధంతా నిద్రపోతున్నట్టుంది. మాకేమో పాలు కావాలి. కొత్తింట్లో పాలు పొంగించకుండా మొదటి ముద్ద తినొద్దని అమ్మ మరీ మరీ చెప్పి పంపింది. రైల్వే స్టేషన్లో మాత్రం కొన్ని దుకాణాలు తెరిచి ఉంటాయట. అక్కడ దిగి పాలు కొనుక్కుని ఇంటికి వెళ్ళాం.

ఇల్లు నిజంగా ఖాళీ. వంటింట్లో గోడకు రెండు నీళ్ళ పైపులు, కరెంటు తీగలు, అంతే. సింకు లేదు, పొయ్యి లేదు, ఒక్క అరమర లేదు. ఇక్కడ చాలామంది అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వంటగదిని కూడా విప్పి పట్టుకుపోతారట. సింకు బిగించేదాకా మూడు వారాలు గిన్నెలు బాత్‌రూమ్‌లో కడుక్కున్నాం. ఆయన కడిగితే నేను తుడిచేదాన్ని. ఎనిమిది నెలల ఫోన్ కబుర్లలో తెలియని సంగతులు ఆ గిన్నెల దగ్గరే తెలిశాయి. చిన్నప్పుడు హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ తన కంచం తనే కడుక్కునేవారని, అందుకే ఎవరైనా తన కంచం తీస్తే ఇప్పటికీ మొహమాటమని అప్పుడే చెప్పారు.

ఆ మొదటి రోజు కరీంనగర్ నుంచి వచ్చిన స్నేహితుడొకాయన ఒంటి ఇండక్షన్ స్టవ్ ఇచ్చారు. అమ్మ పెట్టిచ్చిన కొత్త స్టీలు గిన్నెలో పాలు పోసి పెట్టాను. స్టవ్ కుయ్ కుయ్‌మని కూసి ఆగిపోయింది. అయస్కాంతం అతుక్కునే అడుగుంటేనే అది వేడెక్కుతుంది, మా గిన్నె ఆ రకం కాదు. చివరికి ఆయన దోసెల పెనంలోనే పాలు పోశాం. ఆయన ఫోన్‌లో దిక్సూచి చూసి తూర్పు ఎటో చెప్పారు, నేను పెనాన్ని కాస్త అటు వంచి పట్టుకున్నాను. పాలు పలచగా పొంగి తూర్పు అంచు మీంచి కారాయి. నేల మీద కూర్చుని, అదే పాలతో పరమాన్నం చేసుకుని తిన్నాం.

వచ్చిన వారంలోనే ఊరి కార్యాలయానికి వెళ్ళాం. ఇల్లు మారిన రెండు వారాల్లోపు అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటి ఓనరు సంతకం చేసిన కాగితం, పాస్‌పోర్ట్‌లు, పెళ్ళి సర్టిఫికెట్, దాని జర్మన్ అనువాదం అన్నీ పట్టుకెళ్ళాం. నా గుండె దడదడలాడింది గానీ పని పావుగంటలో అయిపోయింది. ఇది ఉంటేనే పన్ను నంబరు, అది ఉంటేనే ఉద్యోగంలో జీతం లెక్క సరిగ్గా ఉంటుంది. బ్లూ కార్డ్ (పెద్ద చదువులు చదివి ఇక్కడ ఉద్యోగం చేసే విదేశీయులకిచ్చే అనుమతి) మీద పనిచేసేవాళ్ళ భార్యలకు వీసాకి జర్మన్ పరీక్ష అక్కర్లేదు, వచ్చిన రోజు నుంచీ ఉద్యోగం చేసుకోవచ్చు. ఆ హక్కు నాకు చాలా ముఖ్యం. నాలుగేళ్ళు గుంటూరులో పనిచేసి, మానేసి వచ్చినదాన్ని.

ఇక ఎదురుచూడటమే. ఇక్కడ ముఖ్యమైనవన్నీ పోస్ట్‌లో వస్తాయి. పన్ను నంబరు, బ్యాంకు కార్డు, దాని పిన్ వేరే కవరులో, ఇన్సూరెన్స్ కార్డు. మా గుమ్మం పక్కన పది పోస్ట్ డబ్బాలున్నాయి. ఓనరు మాకు రెండు తాళంచెవులిచ్చాడు. నాకెవరు ఉత్తరాలు రాస్తారులే అని నాది పెట్టె అడుగున పడేశాను. రోజూ సాయంత్రం ఆయనే తీసి చూసేవారు. ఆయనకి వచ్చేవి, నాకు రాలేదు.

అక్టోబర్ 27న గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పారు. ఇంటికీ మాకూ తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నర అయింది. నిన్నటిదాకా ఆరు దాటాక పడే పొద్దు అయిదుకే పడింది. ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి. ఆ వారంలోనే దీపావళి. ఇక్కడ టపాకాయలు కొత్త సంవత్సరం నాడే. బాల్కనీలో అయిదు ప్రమిదలు పెట్టాను. గాలికి రెండు ఆరిపోయాయి. ఆ రాత్రి నేను ఏడ్చిన సంగతి ఆయనకి మర్నాడు చెప్పాను. "నిన్ననే లేపకపోయావా" అన్నారు.

నవంబర్ మొదటివారంలో బ్యాంకు నుంచి మెయిల్ వచ్చింది. కార్డు పంపాం, ఆ చిరునామాలో ఆ పేరు గల మనిషి లేదని తిరిగొచ్చింది అని. నేను రెండుసార్లు చదివాను. ఆ పేరు గల మనిషి లేదు.

కిందికి దిగి డబ్బాలు చూశాను. అప్పటిదాకా సరిగ్గా చూడనేలేదు. ఫ్లాట్ నంబర్లు ఎక్కడా లేవు. చిరునామాలో వీధి, ఇంటి నంబరు వరకే ఉంటుంది. ఆ పైన ఎవరి డబ్బా ఏదో పోస్ట్‌మన్ పేరు చూసి తెలుసుకోవాలి. మా డబ్బా మీద, కాలింగ్ బెల్ మీద మా ఆయన ఇంటిపేరు ఒక్కటే ఉంది. భార్యాభర్తలు కదా, ఒకే ఇంటిపేరు ఉంటుందని ఓనరు అనుకుని ఉంటాడు. నా పాస్‌పోర్ట్‌లో మాత్రం మనలో చాలామంది ఆడపిల్లలకి ఉన్నట్టే పుట్టింటి పేరే ఉంది. పెళ్ళితో ఇంటిపేరు మారుతుందని శుభలేఖల్లో, పేరంటాల్లో అంటాం. నాకు మార్చుకోవాలని లేదు. ఆ పేరు మా నాన్నది, నా డిగ్రీలన్నీ దాని మీదే ఉన్నాయి.

ఆ శనివారం మైన్ నది మీది ఐజర్నర్ స్టేగ్ దగ్గరికి వెళ్ళాం. మొదట 1869లో కట్టిన ఇనుప వంతెన, నడిచేవాళ్ళకి మాత్రమే. కమ్మీల నిండా తాళాలే తాళాలు. ఒక్కో తాళం మీద ఇద్దరి పేర్లు, ఒక తేదీ. జంటలు తాళం వేసి చెవిని నదిలో పడేస్తారు. కింద నీళ్ళు గోధుమరంగుగా, నెమ్మదిగా పోతున్నాయి. ఎదుటి గట్టున బ్యాంకుల భవనాలు మబ్బుల్లో సగం కనిపిస్తున్నాయి. మా ఆయన "మనమూ ఒకటి వేద్దామా?" అన్నారు.

"ముందు పోస్ట్ డబ్బా మీద నా పేరు వేద్దామండీ" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా మొహం చూశారు. ఇంటికెళ్ళగానే ఓనరుకి మెయిల్ రాశారు. రేకు పలక వచ్చేదాకా ఆగకుండా, తెల్ల కాగితం ముక్క మీద పెద్ద అక్షరాలతో మా ఇద్దరి ఇంటిపేర్లూ రాసి, వానకి తడవకుండా పైన టేపు అతికించారు. డబ్బా మీద ఒకటి, బెల్ పక్కన ఒకటి. తనది పైన, నాది కింద రాయబోయి ఆగి, రెండూ పక్కపక్కన రాశారు. పన్ను నంబరు ఉత్తరం కూడా మళ్ళీ పంపమని అడిగాం.

ఫొటో తీసి నాన్నకి పంపాను. నాన్న ఫోన్ చేసి ఉత్తరాల సంగతి అడిగారు, వంటిల్లు వచ్చిందా అని అడిగారు, చలి గురించి అడిగారు. పెట్టేసే ముందు, "బాగుందమ్మా ఆ అక్షరాలు, అల్లుడుగారి చేతిరాతా?" అన్నారు.

పది రోజులకి బెల్ మోగింది. కింద పోస్ట్ అమ్మాయి, పసుపు సైకిలు. నా ఇంటిపేరుని జర్మన్‌లో ఎలా పలకాలో అలా పలికి, నేనేనా అని అడిగింది. "యా" అన్నాను. సంతకం పెట్టించుకుని బ్యాంకు కవరు ఇచ్చి, డబ్బావైపు చూపించి ఏదో అంది. వెళ్ళి చూస్తే చీలికలోంచి ఇంకో కవరు అంచు కనబడుతోంది. తాళంచెవి ఆయన దగ్గరుంది, ఆయన ఆఫీసులో ఉన్నారు. పైకి పరుగెత్తి పెద్ద పెట్టె అడుగున చీరల కింద వెతికాను. దొరికింది.

పన్ను నంబరు, పదకొండు అంకెలు. గుమ్మంలోనే నిలబడి రెండుసార్లు చదువుకున్నాను. పైకి వచ్చి ఆ తాళంచెవిని నా తాళాల గుత్తికి తగిలించుకున్నాను.