బజ్జీకి బీరు కాదు, సైడర్

ఆఫీసువాళ్లను ఇంటికి పిలుద్దామంటే మా ఆవిడ ఒక షరతు పెట్టింది. వంటంతా తనది, గ్లాసుల సంగతి నాది. అందులో పోసేది కూడా ఇంగ్లండ్ సరుకే అయ్యుండాలి. మెనూ మాత్రం పూర్తిగా మన బండి తిండి: మిరపకాయ బజ్జీ, పునుగులు, సమోసా, భేల్‌పూరి, పానీపూరి. మేముండేది ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో కాబట్టి సామానుకు లోటు లేదు. భారతీయ దుకాణాలుండే గోల్డెన్ మైల్ వీధి మీదకి వెళ్తే సేవ్ నుంచి నల్లుప్పు దాకా అన్నీ దొరుకుతాయి.

ఎవర్నడిగినా "కారమా? అయితే ఐపీఏ" అన్నారు. ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, చేదెక్కువుండే ఒక రకం బీరు. పేరులో ఇండియా ఉంది కదా అని లెక్క కాబోలు! ఆ రకం బీరు 18వ శతాబ్దం చివర్లో లండన్‌లోని బో బ్రూవరీ నుంచి ఓడలెక్కి మన దేశంలోని దొరల కోసం వచ్చింది. బజ్జీల బండితో దానికేం చుట్టరికం? సరే, ముందే ఓ వాయి బజ్జీలు వేయించుకుని రెండూ కలిపి చూశాను. బీరులో వేసే హాప్స్ పూల చేదు కారాన్ని ఇంకా ఎగదోసింది. ఆల్కహాల్, గ్యాస్ కూడా మంటను పెంచేవే. చెవుల్లోంచి పొగ రావడం ఒక్కటే తక్కువ.

తర్వాత హెరిఫర్డ్‌షర్ సైడర్, అంటే ఆపిల్ రసం పులియబెట్టి చేసే మందు తీశాను, సీసా మీద 'మీడియం' (ఓ మాదిరి తీపి) అని ఉన్నది. ఇది కుదిరింది! బజ్జీ చీల్చి ఉల్లిపాయ ముక్కలు కూరి నిమ్మకాయ పిండుతాం కదా, ఆ నిమ్మరసం చేసే పని ఆపిల్ పులుపు చేసింది. నూనె జిడ్డు పోయింది, కాస్తంత తీపి మంటను తగ్గించింది. లోపలి వాము ఘాటు మాత్రం అలాగే నిలిచింది. తీపి లేని పూర్తి డ్రై సైడర్ తీసుకోవద్దు. అందులో వగరు ఎక్కువ, కారం మీద పడితే నాలుక గరుకెక్కుతుంది. ఇంకో సంగతి, ఇక్కడి నిబంధనల ప్రకారం 35 శాతం పండ్లరసం ఉంటే చాలు, సైడర్ అని అమ్మేయొచ్చు. అందుకే లేబుల్ మీద మొత్తం రసంతో చేసినట్టు ఉందో లేదో చూసి కొన్నాను.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది భేల్‌పూరి. బీరు తయారీకి పేరున్న బర్టన్ ఆన్ ట్రెంట్ ఊరి నీళ్లలో జిప్సం అనే గంధకమున్న ఖనిజం ఎక్కువ. అక్కడి సంప్రదాయ పేల్ ఏల్ బీరు గ్లాసులో పోయగానే అగ్గిపుల్ల గీసినట్టు సన్నటి గంధకం వాసన వస్తుంది. కొత్తవాళ్లు మొహం ముడుచుకుంటారు. మన నల్లుప్పులోనూ ఉన్నది ఆ గంధకమే! చాట్ మసాలా దట్టంగా చల్లిన భేల్ నోట్లో వేసుకుని ఆ ఏల్ గుక్కెడు తాగితే, ఆ వాసన మసాలాలో కలిసిపోయింది. అయితే భేల్‌లో పచ్చిమిర్చి చట్నీ తగ్గించి చింతపండు చట్నీ పెంచాలి. ఏల్‌ని ఫ్రిజ్‌లోంచి ఓ అరగంట ముందే బయట పెట్టాలి. 11 నుంచి 13 డిగ్రీల మధ్య దాని రుచి బాగా తెలుస్తుంది.

సమోసాకి మిడ్‌లాండ్స్ డార్క్ మైల్డ్ అనే ముదురు రంగు బీరు పెట్టాను. చేదు తక్కువ, వేపిన మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) రుచి, ఆల్కహాల్ కూడా మామూలుగా మూడు, మూడున్నర శాతం దగ్గరే. పునుగులకు జింజర్ బీర్. దాన్ని బజ్జీల దగ్గరికి రానివ్వలేదు, అల్లం ఘాటుకు మిర్చి తోడైతే ఇక అంతే.

పానీపూరికి ఏ జోడీ వద్దని నా గట్టి అభిప్రాయం. ఆ పానీయే ఒక డ్రింకు! టోనిక్ కలిపిన జిన్ అయితే బాగుంటుందని మా టీమ్‌లో ఒకాయన పట్టుబట్టాడు. పుదీనాకు జిన్‌లోని జునిపర్ కాయల వాసన పరవాలేదు గానీ, టోనిక్‌లోని క్వినైన్ చేదు చింతపండు పులుపును మింగేసింది. పూరీ అయ్యాక విడిగా తాగమన్నాను.

మందు ముట్టనివాళ్లకూ, కారు నడిపేవాళ్లకూ పూలతో చేసే తీపి సిరప్ అయిన ఎల్డర్‌ఫ్లవర్ కార్డియల్‌లో సోడా కలిపి ఇచ్చాను, పక్కన పాలు బాగా పోసిన ఇంగ్లిష్ టీ. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ కారాన్ని పట్టి లాగేస్తుంది కాబట్టి, మిర్చి బజ్జీ తిని కళ్లనీళ్లు పెట్టుకున్న పెద్దమనిషికి ముందు ఆ టీయే అందించాం.

ఆ సాయంత్రం అన్నిటికన్నా ముందు ఖాళీ అయింది సైడర్. వచ్చేసారి దహీపూరి చేస్తానంటోంది మా ఆవిడ. దానికి బేరిపండ్లతో సైడర్‌లాగే చేసే పెర్రీ తెచ్చి చూడాలి.