క్వారీలో ఉద్యోగం, చంద్రుడి మీద చదువు

నేను చీమకుర్తిలో గ్రానైట్ స్లాబుల క్వాలిటీ చూసే ఉద్యోగం చేస్తాను. ఇల్లు ఒంగోలు. డిగ్రీలో జియాలజీ చదివాను. ఆన్‌లైన్‌లో ఆస్ట్రానమీ పీజీ చేస్తానంటే అమ్మ ఒకటే అడిగింది: "దాంతో జీతం పెరుగుద్దా అబ్బయా?" పెరగదు. ఆ సంగతి నాకూ తెలుసు.

చేరడానికే బోలెడంత ఓపిక కావాలి. బ్రిటన్‌లో యూనివర్సిటీ అది. మన వైపు ట్రాన్‌స్క్రిప్టుల (మార్కుల రికార్డు) కోసం వెళ్తే "సెక్షన్ సారు లీవులో ఉన్నారు" అన్నమాట ఎన్నిసార్లు విన్నానో! దాని ముందు ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష చాలా తేలిక. ఫీజు విడతల్లో కట్టే వీలుంది కాబట్టి బతికిపోయాను.

పాఠాలు రికార్డు చేసి పెడతారు. ట్యూటర్‌తో లైవ్ క్లాసు మాత్రం వాళ్ళకి సాయంత్రం ఆరున్నరకి, అంటే చలికాలంలో మనకి సరిగ్గా అర్ధరాత్రి. గ్రహాల కక్ష్యల గురించిన కెప్లర్ మూడో నియమం దాకా పర్వాలేదు కానీ, ఆ కక్ష్యల్ని పైథాన్ ప్రోగ్రామ్‌లో గీయమన్నప్పుడు మొదలైంది టెన్షన్. ఎలాగో గట్టెక్కాను.

అసలు మజా చంద్రుడి పైపొర గురించిన పాఠంలో ఉంది. చంద్రుడు పుట్టిన కొత్తలో పైభాగమంతా కరిగిన శిలాద్రవమే. అది చల్లారేకొద్దీ బరువైన ఆలివిన్, పైరాక్సీన్ అనే ఖనిజాల స్ఫటికాలు కిందికి దిగాయి, తేలికైన ప్లేజియోక్లేజ్ అనే ఖనిజం పాల మీద మీగడలా పైకి తేలింది. అలా గట్టిపడిన తెల్లరాయే అనార్థొసైట్. 1969లో అపోలో 11 తెచ్చిన మట్టిలోని తెల్లటి పలుకులు చూసే ఈ ఊహ చేశారు. చంద్రయాన్-3 ప్రజ్ఞాన్ రోవర్ దక్షిణ ధ్రువం వైపు 23 చోట్ల మట్టిని పరీక్షించింది. 2024 ఆగస్టులో నేచర్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాలూ ఇదే మాటకి బలమిచ్చాయి.

ఇది చదువుతుంటే నాకు మా క్వారీయే కనబడింది. మేం గెలాక్సీ అని అమ్మే నల్లరాయి గాబ్రోనోరైట్, అదీ శిలాద్రవం చల్లారి గట్టిపడిందే. ఆ శిలా సముదాయంలోనే అనార్థొసైట్ కూడా ఉంది. రాతిలో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, అదీ పైరాక్సీన్ జాతిదే. పాలిష్ అయిన స్లాబుని వెలుతురుకి ఏటవాలుగా పెట్టి, చుక్క సమంగా పడిందా లేదా అని చూడటమే నా పని. చుక్క పలచబడితే రేటు పడిపోతుంది.

ఈ చదువులో చదివింది తిరిగి రాస్తే మార్కులు రావు. రెండు వాదాలు కొట్టుకుంటుంటే నువ్వెటు, ఎందుకు అని అడుగుతారు. నేను తీసుకున్నది అపోలో 16 తెచ్చిన 60025 అనే రాయి. దాని వయసు 436 కోట్ల ఏళ్ళని 2011లో తేల్చారు. చంద్రుడు 450 కోట్ల ఏళ్ళనాటి వాడైతే, తొలి పైపొర రాయికి ఇది మరీ చిన్న వయసు. అయితే చంద్రుడే ఆలస్యంగా పుట్టి ఉండాలి, లేదా ఆ రాయి తొలి పైపొరది కాకపోవాలి. ఒకే క్వారీలో పక్కపక్క బ్లాకులే ఒకలా ఉండవు, అలాంటిది ఒక్క రాయి పట్టుకుని చంద్రుడంతటికీ వయసు కట్టలేం అని రాశాను. ట్యూటర్ మెచ్చుకోలేదు. "క్వారీ అనుభవం ఆధారం కాదు, మిగతా రాళ్ళ వయసులు చూపించు" అన్నారు. నిజమే మరి. ఆ పట్టిక చేర్చాకే పాసయ్యాను.

లెక్చరర్ ఉద్యోగం ఆశించి చేరేవాళ్ళు మాత్రం, విదేశీ ఆన్‌లైన్ డిగ్రీకి ఇక్కడ ఈక్వివలెన్స్ (మన డిగ్రీతో సమానమన్న గుర్తింపు) వస్తుందో లేదో ఫీజు కట్టకముందే యూజీసీని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి.