ఫ్రాంక్ జప్పాను ఎక్కడ మొదలుపెట్టాలి? – నా అనుభవం

అమెరికా గిటారిస్టు, సంగీతకర్త ఫ్రాంక్ జప్పా పేరు ఎక్కడో విని, సరే ఒకటి విని చూద్దాం అని ఆల్బమ్‌ల జాబితా తెరిస్తే ముందు వచ్చేది టెన్షనే. మనిషి 1993లో 52 ఏళ్లకే పోయాడు గానీ ఆ లోపే 60కి పైగా ఆల్బమ్‌లు వదిలాడు. దాచిపెట్టిన టేపుల్లోంచి పోయాక కూడా వస్తూనే ఉన్నాయి. ఒకదాంట్లో రాక్, ఇంకోదాంట్లో సింఫనీ ఆర్కెస్ట్రా, మరోదాంట్లో మొత్తం గిటార్ సోలోలే, వీటన్నిటి మధ్యా బూతు జోకులు.

నేను ఎక్కువగా విన్నది విడవలూరు దగ్గర మా రొయ్యల గుంట గట్టు మీద, రాత్రి కాపలాలో. అదీ ఒక్క చెవితోనే, ఎందుకంటే రెండో చెవి ఏరేటర్ల మీద ఉండాలి, కరెంటు పోయి అవి ఆగితే జనరేటర్ వేసేలోపే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలతాయి.

దారి చూపింది కావలిలో ఉండే మా బావ. ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. "మొదటి ఆల్బమ్ నుంచి వరసగా పోబాక బామ్మర్దీ, సగంలో వదిలేస్తావు. మాటల్లేని దాంతో మొదలుపెట్టు, ఆయన జోకులు అమెరికా వాళ్లకే సగం ఎక్కవు" అన్నాడు.

అలా ముందు విన్నది 1969లో వచ్చిన 'హాట్ ర్యాట్స్'. మొదటి ట్రాక్ 'పీచెస్ ఎన్ రెగాలియా' మూడున్నర నిమిషాలే. డ్రమ్స్ ఒక్కసారి దొర్లి, వెంటనే ట్యూన్ ఎత్తుకుంటుంది, ఇక అక్కడి నుంచి కుదురుగా ఒకచోట నిలవదు, ప్రతి మలుపులో వాద్యం మారిపోతుంది. కీబోర్డులు, శాక్సోఫోన్, ఫ్లూట్, క్లారినెట్ అన్నీ ఇయాన్ అండర్‌వుడ్ ఒక్కడే వాయించాడు, అప్పటికి కొత్తగా వచ్చిన 16 ట్రాకుల రికార్డింగ్ మెషీన్ మీద ఒకదానిపై ఒకటి పేర్చారు. స్పీకర్లో పెడితే మా దగ్గర మేత వేసే కుర్రాడు "ఏందన్నా ఇది, పట్టుకుందామంటే జారిపోతా ఉండాది" అన్నాడు, నాకు తెలిసి దీని మీద ఇంతకంటే మంచి రివ్యూ లేదు. ఆల్బమ్ మొత్తంలో మాటలున్నది రెండో ట్రాక్‌లోనే. కెప్టెన్ బీఫ్‌హార్ట్ అనే గాయకుడి గొంతు గరగరమంటూ వచ్చి వెళ్లిపోయాక వయొలిన్, గిటార్ రాజ్యమే.

తర్వాత 1974 నాటి 'అపాస్ట్రఫీ'. అమెరికా చార్టులో 10వ స్థానం దాకా పోయింది, ఆయన ఆల్బమ్‌లలో అంత పైకి పోయింది ఇదొక్కటే. పసుపుపచ్చ మంచు తినొద్దని తల్లి కొడుక్కి చెప్పే పాటతో మొదలవుతుంది. మంచు మొహమే చూడని నెల్లూరోడికి అది కుక్కలు ఉచ్చపోసిన మంచని వెలగడానికి కాస్త టైం పడుతుంది, వెలిగాక మాత్రం నవ్వాగదు.

నాకు బాగా పట్టుకున్నది 1975 నాటి 'వన్ సైజ్ ఫిట్స్ ఆల్'. అందులో 'ఇంకా రోడ్స్'కి చేత్తో తాళం వేయబోతే లెక్క తప్పుతుంది, మళ్లీ వేస్తాం, మళ్లీ తప్పుతుంది, వెనక రూత్ అండర్‌వుడ్ వాయించే మరింబా (చెక్క పలకల వాద్యం) మాత్రం ఒక్క దెబ్బ కూడా తప్పదు. మధ్యలో వచ్చే పెద్ద గిటార్ సోలో హెల్సింకీ కచేరీలో వాయించింది, తెచ్చి ఈ పాటలో అతికించాడు. అతుకు ఎక్కడో ఎంత వెతికినా నాకు దొరకలేదు.

1979 నాటి 'జోస్ గరాజ్' ఇంట్లో స్పీకర్ మీద పెట్టకండి, పచ్చి బూతులు. దాని చివర్లో వచ్చే 'వాటర్‌మెలన్ ఇన్ ఈస్టర్ హే' గిటార్ కోసం మాత్రం ఓపిక పట్టొచ్చు. ఆ ఏడాదే మన కర్ణాటక వయొలిన్ ఎల్.శంకర్ ఆల్బమ్ 'టచ్ మీ దేర్'ని కూడా జప్పానే ప్రొడ్యూస్ చేశాడు, కచేరీలు వినే అలవాటున్నవాళ్లు ఇటునుంచి కూడా రావచ్చు.

1966 నాటి మొదటి ఆల్బమ్ 'ఫ్రీక్ అవుట్' ఇవన్నీ అయ్యాక వింటే ఆ వెటకారం ఎవరి మీదో తెలుస్తుంది. గిటార్ సోలోల సెట్లు గిటార్ వాయించేవాళ్లకే, బావకి ప్రాణం, నాకు నిద్రొచ్చింది. జర్మనీ వాళ్ల ఆన్సాంబుల్ మోడర్న్ బృందం వాయించిన 'ది యెల్లో షార్క్' ఇంకా సగంలోనే ఉంది. దానికి రెండు చెవులూ కావాలి, ఈసారి రొయ్యల పట్టుబడి అయ్యాక చూడాలి.