కట్టెల పడవ ముత్తాత

భూమి ఉన్నవాళ్ళ వంశం వెతకడానికి దారులున్నాయి. సెటిల్మెంట్ రిజిస్టర్లో సర్వే నంబరు పక్కనే పట్టాదారు పేరు ఉంటుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయే దాకా నెల్లూరు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి, పాత ప్రభుత్వ కాగితాల కోసం ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కి వెళ్ళొచ్చు. మా ముత్తాతకు సెంటు భూమి లేదు. శ్రీహరికోట అడవి కట్టెలను బకింగ్‌హామ్ కాలువ మీద మద్రాసుకు చేరవేసిన పడవ మనిషి ఆయన. జనాభా లెక్కలు 1871 నుంచీ ఉన్నాయి, కానీ అచ్చయినవి మొత్తాల పట్టికలే. వాటిలో ఆయన ఒక అంకె, అంతే.

అందుకే ముందు ఆయన పని గురించి చదివాను. ఈ కాలువ తవ్వకం పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే మొదలైంది. మద్రాసు ఊరి మధ్యలో కూవం, అడయారు నదులను కలిపే ముక్కను మాత్రం 1877-78లో, కరువు పనుల కింద తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరే కాలువకు పెట్టారు. ఉత్తరాన పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా ఉప్పు, బియ్యం, కట్టెలు అన్నీ దీని మీదే నడిచాయి. మద్రాసు చేపాక్ దగ్గర ఎత్తు మీద నడిచే ఎమ్మార్టీఎస్ రైలెక్కే వాళ్ళు కిందికి చూస్తే కనిపించే నల్లనీళ్ళు ఈ కాలువవే.

పడవ ఎలా నడిచేదో మద్రాసు కొరుక్కుపేటలో ఉన్న మా మేనత్త చెప్పింది. "గాలుంటే చాప ఎత్తేవాళ్ళు, లేకుంటే గట్టు మీద నడుస్తా తాడు లాగేవాళ్ళు. మా తాత కుడి భుజం మీద తాడు ఒరుసుకుని కాయ కట్టింది. చిన్నప్పుడు చేత్తో తడిమి చూశా, చెప్పు అడుగులాగా గట్టిగా ఉండింది" అంది. ఆమె చెప్పేది ఫోన్లో రికార్డు చేసుకున్నాను. మధ్యలో తమిళ మాటలు వస్తే అలాగే ఉంచి ఎత్తిరాస్తున్నాను, సరిదిద్దడం లేదు.

ఆమె ట్రంకు పెట్టెలో ఒక ప్రామిసరీ నోటు దొరికింది. ఎప్పుడో తీర్చేసిన అప్పు. కింద ఒక అణా రెవెన్యూ స్టాంపు, దాని మీద ఐదో జార్జి బొమ్మ. తేదీ మీద తడి పడి అంకెలు అలికిపోయాయి. ఆ రాజు ఏలింది 1910 నుంచి 1936 వరకు కాబట్టి నోటు ఆ కాలం నాటిదనుకోవచ్చు. స్టాంపు అంచు దాటి కాగితం మీదికి పరుచుకున్న ఎడమ బొటనవేలి ముద్ర మా ముత్తాతది. ముద్ర నడిమధ్య అడ్డంగా ఒక తెల్లగీత ఉంది, పాత గాయం మచ్చలా. ఆయన ఫోటో ఒక్కటీ లేదు మాకు.

నోటు మొదటి వరుసే నాకు పెద్ద ఆస్తి. అప్పుపత్రం కాబట్టి "ఫలానా వారి కొడుకు" అని రాయించారు, ఇంటిపేరుతో సహా. దాంతో ఇంకో తరం పైకి వెళ్ళాను. ఇక్కడ తమిళనాడు బడుల్లో తండ్రి పేరునే ఇనీషియల్‌గా పెడతారు కాబట్టి మా నాయన కాలానికే ఇంటిపేరు కాగితాల్లోంచి జారిపోయింది. పెళ్ళిళ్ళప్పుడు తప్ప ఎవరూ పలకరు.

ముత్తవ్వ పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు. అప్పు ఆమె తీసుకోలేదు, ఇల్లు ఆమె పేర లేదు. మా అత్తకూ, వాళ్ళ పెదనాన్న పెద్దకూతురికీ ఒకే పేరుందని గమనించాను. అన్నదమ్ములిద్దరూ తొలి ఆడబిడ్డకు అదే పేరు పెట్టారంటే అది వాళ్ళమ్మ పేరే అయ్యుండాలి. అత్తను అడిగితే, "మరి? నన్ను మా నాయన ఎప్పుడూ పేరు పెట్టి తిట్టలేదు, అందుకే" అంది. పేరును వంశవృక్షంలో రాసి, పక్కన "అత్త మాట" అని గుర్తు పెట్టాను. కాగితంలో చూసింది నల్ల సిరాతో, విన్నది నీలం సిరాతో రాస్తున్నాను. రెండూ కలిపేస్తే తర్వాత చదివే మా పిల్లలకు ఏది ఎంతవరకు నమ్మాలో తెలియదు.

సొంతూరు ఏదో ఇంకా తేలలేదు. ఇప్పటికీ మా ఇళ్ళలో పుట్టువెంట్రుకలు సూళ్ళూరుపేట చెంగాళమ్మ గుడిలోనే తీయిస్తారు, కాబట్టి ఆ చుట్టుపక్కలే అయ్యుంటుంది. అటువైపు దూరపు చుట్టాలున్నారు. నోటు మీది ఇంటిపేరు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళబోతున్నాను, అత్త కూడా వస్తానంటోంది.